సారీ ఎవరికి చెప్పినట్టు?

ఏడో తరగతి చదువుతున్న ఇద్దరమ్మాయిల చేత సారీలు చెప్పించి, నలభై మంది ముందు చేతులు కలిపించిన రోజున నేను చాలా తృప్తిగా ఇంటికి వెళ్లాను. హైదరాబాదులో అంబర్‌పేట వైపు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్న నాకు అప్పటికి ఆరేళ్ల అనుభవం ఉంది; పిల్లల తగవులు తీర్చడంలో నేర్పరినని స్టాఫ్ రూములో కాస్త పేరు కూడా ఉంది. ఆ అమ్మాయిలిద్దరూ రెండో తరగతి నుంచి ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు, ఒకే ఆటోలో బడికి వచ్చేవాళ్లు, ఒకరి టిఫిన్ డబ్బాలో రెండోవారు అడక్కుండానే చెయ్యి పెట్టేంత చనువున్నవాళ్లు. వారిలో ఒకరి తండ్రికి ఆ ఏడాది పని పోయింది, రెండు టర్ముల ఫీజు కట్టలేకపోయారు. ఆ సంగతిని ఆ పిల్ల తన స్నేహితురాలికి మాత్రమే చెప్పుకుంది. వారం తిరగకుండానే అది తరగతి అంతటికీ తెలిసింది. వెనక బెంచీ అబ్బాయి ఒకడు హాజరు పిలుస్తున్నప్పుడు దాని మీద ఏదో జోకు కూడా వేశాడు.

ఇద్దరినీ బల్ల దగ్గరికి పిలిచి, జరిగింది రెండు ముక్కల్లో అడిగి తెలుసుకుని, సంగతి బయటపెట్టిన పిల్లతో "తప్పు చేశావు కదా, సారీ చెప్పు" అన్నాను. చెప్పింది. రెండో పిల్ల, ఆమె ఏం తప్పు చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు గానీ, తిట్టినందుకు తనూ సారీ చెప్పింది. చేతులు కలపమన్నాను, కలిపారు, తరగతి చప్పట్లు కొట్టింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. ఆ రోజు చెప్పాల్సిన పద్యం కూడా పూర్తయింది. మర్నాటి నుంచి ఒకమ్మాయి వేరే ఆటోలో రావడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మూడేళ్లు, పదో తరగతి ముగిసేదాకా, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. వీడ్కోలు రోజున, ఇక అడిగినా ఇబ్బంది ఉండదనుకుని, ఫీజు సంగతి బయటపడిన ఆ పిల్లను పక్కకు పిలిచి, అప్పుడే సారీ చెప్పింది కదమ్మా, మళ్లీ ఎందుకు కలవలేదని అడిగాను. "అది సారీ మీకు చెప్పింది టీచర్, నాకు కాదు" అంది. కోపంగా అనలేదు. బోర్డు మీద నేను రాసిన దాంట్లో అక్షరదోషం చూపిస్తున్నట్టు అంది.

పిల్లల మధ్య స్నేహం చెడినప్పుడు మనం కుదిర్చే రాజీల్లో చాలా భాగం మన కోసమే కుదుర్చుకుంటున్నామని, తిరిగి కలవడానికి పిల్లలకు వాళ్లవైన పద్ధతులు ఉన్నాయని, మన తొందర ఆ పద్ధతుల్ని పాడుచేస్తోందని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. పెద్దవాళ్లు పూర్తిగా తప్పుకోవాలని నా ఉద్దేశం కాదు, ఎందుకంటే తప్పుకున్న చోట జరిగే హాని కూడా చూశాను, దాని గురించి కిందన రాస్తాను. పెద్దవాళ్లు చేయవలసిన పని ఉంది, అది సారీ చెప్పించడం కన్నా నెమ్మదైనది, చప్పట్లు రానిది.

ముందుగా ఏ తగవు ఎలాంటిదో పోల్చుకోవాలి, దానికి మన భాషే బాగా పనికొస్తుంది. అలిగిన పిల్ల స్నేహాన్ని తెంచుకోలేదు, రెండో పిల్ల వచ్చి బతిమాలాలని కూర్చుంది. పెళ్లిలో కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కితే ఆ ఇంట్లో ఎవరూ కంగారు పడరు, దిగడానికే ఎక్కాడని అందరికీ తెలుసు, ఎంతకు దిగుతాడన్నదే బేరం. బడిలోని అలకకూ అదే న్యాయం వర్తిస్తుంది. మధ్యలో టీచరు వెళ్లి బుజ్జగిస్తే అలక తీరదు సరికదా, రావలసిన మనిషి రానందుకు ఇంకాస్త గట్టిపడుతుంది. లొల్లి సంగతి వేరు. ఔటా కాదా అన్న దగ్గర మొదలై తోపులాట దాకా వెళ్లే లొల్లిలో దెబ్బలు తగలకుండా విడదీస్తే చాలు, తర్వాతి ఆటల పీరియడ్‌కు అదే జట్టు అదే పిచ్ మీద ఉంటుంది.

ఈ రెంటికన్నా కటీఫ్ నాకు ఆసక్తికరంగా కనిపిస్తుంది, ఎందుకంటే దానికి ఒక పద్ధతి, మర్యాద, సాక్షులు అన్నీ ఉన్నాయి. చిటికెన వేలు చూపించి, నలుగురు వింటుండగా ప్రకటించిన తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకోకూడదు. కానీ మూడో పిల్ల ద్వారా మాట్లాడుకోవచ్చు. పక్కపక్కనే కూర్చుని, ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నా, "దానికి చెప్పవే, నా స్కేలు నాకియ్యమని" అంటారు. రెండో పిల్ల స్కేలును మూడో పిల్ల చేతిలో పెడుతుంది, మూడో పిల్ల ఆరంగుళాల దూరంలో ఉన్న మొదటి పిల్లకు అందిస్తుంది. ఇది చూసి నవ్వొచ్చి, పక్కనే ఉంది కదా, నేరుగా అడగరాదా అని ఎన్నోసార్లు మందలించాను. అలా మందలించినప్పుడల్లా నేను ఒక వంతెనను కూల్చాను. తన మాట పోకుండా, బెట్టు చెడకుండా మళ్లీ మాటల్లో పడటానికి పిల్లలు కట్టుకున్న వంతెన అది. మొదటి రోజు స్కేలు దాటుతుంది, రెండో రోజు సోషల్ నోట్సు దాటుతుంది, మూడో రోజు ఆ మధ్యవర్తి పిల్లకు జ్వరమొచ్చి బడికి రాకపోతే, "ఏయ్, పేజీ ఎంత?" అని నేరుగా ఒక ప్రశ్న, "నలభై రెండు" అని నేరుగా ఒక జవాబు వినిపిస్తాయి. కటీఫ్ అయిపోయిందని ఎవరూ ప్రకటించరు.

హైదరాబాదులో పంచాయితీ అనే మాటకు పట్టిన గతిని కూడా ఇక్కడ గుర్తు చేయాలి. తగవు తీర్చే చోటుకున్న పేరు తగవుకే పేరైపోయింది. వాళ్లిద్దరికీ పంచాయితీ అయిందంటే కొట్లాడుకున్నారనే ఇక్కడి అర్థం. నలుగురూ కూర్చుని తీర్పు చెబితే ఏమవుతుందో ఈ ఊరి జనానికి బాగా అనుభవమైనట్టుంది.

నా ఏడో తరగతి అమ్మాయిల మధ్య జరిగింది అలక, లొల్లి, కటీఫ్ మూడింటిలో ఏదీ కాదు. గుట్టు బయటపడింది, నమ్మకం పోయింది. దానికి పిల్లల భాషలో విడిగా పేరు లేదు, వాళ్లు దాన్నీ కటీఫ్ అనే అంటారు, మనమూ కటీఫే అనుకుని నాలుగు నిమిషాల్లో ముగిస్తాం. ఆ తగవులో పోయినదేమిటో నేను అడగలేదు. ఫీజు సంగతి ఎవరెవరికి తెలిసింది, అది ఇంకా ఎంత దూరం వెళ్తుంది, ఆ వెక్కిరించిన అబ్బాయి నోరు ఎవరు మూయిస్తారు అన్నవే ఆ పిల్లకు కావలసిన జవాబులని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమెకు కావలసినదాన్ని వదిలేసి, తరగతిలో అందరికీ మళ్లీ ఒకసారి ఆ సంగతి గుర్తుచేసేలా ఇద్దరినీ బల్ల ముందు నిలబెట్టాను.

సారీ అనే మాట గురించి కూడా కొంత చెప్పుకోవాలి. సమానుల మధ్య రోజూ వాడుకునే అలాంటి మాట తెలుగు ఇళ్లలో నాకు వినిపించదు. క్షమించు అన్నది పుస్తకాల్లోనూ గుడిలోనూ ఉంటుంది. తప్పయింది అన్నది పెద్దవాళ్ల ముందు, చెంపలు వేసుకుంటూ అనేది. వీధిలో మాఫ్ చేయ్ భాయ్ అంటాం గానీ అది బండి తగిలించినప్పటి మాట. అన్నదమ్ములో, భార్యాభర్తలో, స్నేహితులో పోట్లాడుకున్నాక ఇళ్లలో జరిగేది వేరు: ఒకరు వచ్చి "చల్లారిపోతోంది, తిందువు రా" అంటారు, లేదా రెండో మనిషికి ఇష్టమైన కూర చేసి ఏమీ ఎరగనట్టు కంచం దగ్గర పెడతారు, రెండో మనిషి కూడా ఏమీ ఎరగనట్టే తింటారు. ఆ ఖాళీలోకి ఇంగ్లీషు సారీ వచ్చి కూర్చుంది. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు గుమ్మం దగ్గర అనేదీ అదే, కాలు తొక్కితే అనేదీ అదే, స్నేహితురాలి ఇంటి గుట్టు బయటపెట్టి అనేదీ అదే. టోల్‌గేటు దగ్గర ఇచ్చే రసీదులాగా, అది చూపిస్తే బండి ముందుకు పోనిస్తారని పిల్లలకు ఒకటో తరగతికే తెలిసిపోతుంది.

సారీకి విలువే లేదని నేను అనడం లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన మరిస్సా డ్రెల్, విక్రమ్ జస్వాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆరేడేళ్ల పిల్లలు ప్లాస్టిక్ కప్పులతో గోపురం కడుతుండగా పక్కనున్న ఒక పెద్దావిడ దాన్ని పడగొడుతుంది. కొందరు పిల్లలకు ఆమె తనంతట తానే సారీ చెబుతుంది, కొందరికి మరొకరు గుర్తుచేస్తే చెబుతుంది, కొందరికి ఏమీ చెప్పకుండా తిరిగి కట్టడంలో సాయం చేస్తుంది, కొందరి విషయంలో ఏమీ చేయదు. సారీ విన్న పిల్లలకు అప్పటికప్పుడు బాధేమీ తగ్గలేదు, ఏమీ వినని పిల్లలతో సమానంగానే ఉన్నారు. కప్పులు మళ్లీ పేర్చడంలో సాయం అందుకున్న పిల్లల మనసు మాత్రం కుదుటపడింది. అయితే తర్వాత ఆ పెద్దావిడకు స్టిక్కర్లు పంచి ఇమ్మంటే, సారీ విన్న పిల్లలు కూడా సాయం అందుకున్న పిల్లలంత ఉదారంగానే ఇచ్చారు. అంటే సారీ వల్ల పైపై వ్యవహారం సాగుతుంది, లోపలి బాధ మాత్రం కప్పులు పేర్చినప్పుడే తగ్గుతుంది. మా తరగతిలో కలిసిన ఆ చేతులు నా మట్టుకు ఆ స్టిక్కర్ల వంటివి. వాటిని చూసి నేను గోపురం లేచిందనుకున్నాను.

మా బడి పీఈటీ సారుకు ఈ ప్రయోగం సంగతి తెలియదు, చెబితే నవ్వేవారేమో కూడా. ఆరో తరగతి అబ్బాయి ఒకడు దోస్తు బ్యాటును చెప్పకుండా పట్టుకెళ్లి, రామంతాపూర్‌లో వాళ్ల గల్లీ మ్యాచ్‌లో హ్యాండిల్ విరగ్గొట్టి తెచ్చాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు, ఒకడి గుండీలు ఊడాయి. విరగ్గొట్టిన అబ్బాయి తల్లి కొత్తది కొనిస్తానంది, రెండో తల్లి మాకేం అక్కర్లేదని బిగుసుకుంది. ప్రిన్సిపాల్ గది ముందు ఒక పూట నిలబెట్టడం కూడా జరిగింది. సారు మాత్రం వాళ్లను ఏమీ అడగలేదు. ఆ వారంలోనే స్పోర్ట్స్ డే ఉంది. మైదానంలో సున్నం గీతలు వేసే పని ఆ ఇద్దరికీ అప్పగించారు. కబడ్డీ కోర్టు కొలతలు 13 మీటర్లు, 10 మీటర్లు. టేపుకు రెండు చివర్లుంటాయి గనుక ఒకడు ఒక చివర పట్టుకుంటే రెండోవాడు రెండో చివర పట్టుకోక తప్పదు. మొదటి రోజంతా "ఇంకా ఎనక్కి", "చాలు" తప్ప వేరే మాట లేదు. రెండో రోజు గీత వంకర పోయింది, తప్పు నీదంటే నీదని అరుచుకున్నారు, అంటే మాట్లాడుకున్నారు. మూడో రోజు ఆ విరిగిన బ్యాటు కూడా మైదానానికి వచ్చింది. సారు ఎక్కడి నుంచో పాత సైకిల్ ట్యూబు, ఫెవికాల్, పురికొస తెచ్చి ఇచ్చారు. ఒకడు గట్టిగా పట్టుకుంటే ఒకడు చుట్టాడు. ఆ బ్యాటు ఇక టెన్నిస్ బంతికి తప్ప దేనికీ పనికిరాదు, అయినా ఇద్దరూ దాంతోనే ఆడారు. వారిలో ఎవరైనా సారీ చెప్పగా నేను వినలేదు.

ఇనుము విరిగితే కాచి అతకవచ్చు గానీ మనసు విరిగితే అతకదన్న పద్యాన్ని నేనే ఎన్ని తరగతుల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. ఆ పద్యంలోనే ఇనుమును రెండుసార్లు, మూడుసార్లు, క్రమంగా కాచాలని ఉంది. మనసు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్కసారి కూడా కాచి చూడకుండానే అతకదని తేల్చేస్తాం, లేదా నాలుగు నిమిషాల్లో అతికిందని ప్రకటిస్తాం. కమ్మరి అంత ఓపిక టీచరుకు ఎందుకు ఉండదని పీఈటీ సారును చూశాక నాకు సిగ్గేసింది.

తెలంగాణలో పెద్దవాళ్ల కోసం ఇలాంటి ఏర్పాటు ఒకటి ఎప్పటి నుంచో ఉంది. దసరా సాయంత్రం పాలపిట్టను చూసి, జమ్మి చెట్టుకు మొక్కి, ఆ ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, తోటివాళ్లయితే కౌగిలించుకుంటారు. ఊళ్లో ఏడాదంతా గట్టు తగాదాతో మొహాలు చూసుకోని దాయాదులు కూడా ఆ సాయంత్రం ఎదురుపడితే జమ్మి పెట్టక తప్పదు, పెట్టాక మాట్లాడక తప్పదు. బండారు దత్తాత్రేయ 2005 నుంచి హైదరాబాదులో దసరా తర్వాత జరుపుతున్న అలయ్ బలయ్ కూడా ఆ ఆనవాయితీకి పెద్ద రూపమే. మర్నాడు టీవీలో తిట్టుకోబోయే పార్టీల నాయకులు అక్కడ ఒక వరసలో కూర్చుని భోంచేస్తారు. ఈ ఆచారంలో నాకు తెలివిగా తోచేది ఏమిటంటే, తప్పెవరిదని అక్కడ ఎవరూ అడగరు, ముందు ఎవరు వచ్చారన్నది లెక్కకు రాదు, ఎందుకంటే ఆ రోజు అందరూ అందరి దగ్గరికీ వెళ్తారు. బెట్టు వదలడానికి పండుగ ఒక సాకు ఇస్తుంది. బడిలో టేపు, సున్నం, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయడం, బతుకమ్మకు పూలు తెంపుకురావడం ఆ సాకులే. రెండేళ్ల కిందట దసరా సెలవుల ముందు రోజున ఒక కొమ్మ జమ్మి తెచ్చి తరగతిలో పెట్టాను, ఏమీ చెప్పకుండా, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చని మాత్రం అన్నాను. సాయంత్రానికి కొమ్మ బోడిదైంది. ఎవరెవరు ఎవరెవరికి ఇచ్చారో చూడకుండా ఉండటం చాలా కష్టమైంది, అయినా చూడలేదు.

నగరంలోని పెద్ద బడుల్లో ఇప్పుడు కౌన్సెలర్లు ఉన్నారు, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత మనసు విప్పించే పద్ధతి కూడా అక్కడక్కడా వచ్చింది. మంచి ఉద్దేశంతోనే వచ్చింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్లో కొన్నింటిలో ఈ తరహా విధానాన్ని 2015 నుంచి రెండు విద్యా సంవత్సరాలు అమలు చేసి, తక్కిన వాటితో పోల్చి, ర్యాండ్ అనే పరిశోధనా సంస్థ 2018లో నివేదిక ఇచ్చింది. బడి నుంచి పిల్లల్ని సస్పెండ్ చేసిన రోజులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు అన్నారు. కానీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల చదువు ఫలితాలు తక్కిన బడులకన్నా దిగజారాయి. దీన్ని నా వాదనకు సాక్ష్యంగా చూపించలేను, చదువు తగ్గడానికి వేరే కారణాలెన్నో ఉండవచ్చు. నాకున్న అనుమానం చిన్నది: పదకొండున్నరకు గంట కొట్టగానే మనసు విప్పాలని నియమం పెడితే, మా అసెంబ్లీలో చేతులు కలిపించడానికీ దానికీ తేడా కొద్దిగానే మిగులుతుంది. పన్నెండేళ్ల పిల్ల అందరూ వింటుండగా తన బాధ చెప్పదు, చెప్పదగిన ఇంకేదో చెబుతుంది.

పెద్దవాళ్లు తప్పుకుంటే జరిగే హాని గురించి రాస్తానన్నాను. నార్వేలో బడి పిల్లల మధ్య వేధింపులను జీవితమంతా అధ్యయనం చేసిన డాన్ ఓల్వేయస్ వేధింపును తగవు నుంచి విడదీయడానికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. ఈ మూడో గుర్తు నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎనిమిదో తరగతిలో ముగ్గురు అబ్బాయిలు ఒకే అబ్బాయిని వాళ్ల నాన్న చేసే పని పేరుతో నెలల తరబడి పిలిచారు. మేం దాన్ని పిల్లల పంచాయితీ అనుకున్నాం. నేను పిల్లల దారిన పిల్లల్ని వదలాలని అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులవి, వదిలేశాను. బడి యాజమాన్యం ఆ తర్వాత ముగ్గురి చేతా సారీ చెప్పించి, ఆ అబ్బాయిని వాళ్లతో చేతులు కలపమంది. మా ఇద్దరి పద్ధతులూ తప్పే. అక్కడ చెడిన స్నేహమేదీ లేదు, అతకడానికి. ఆ అబ్బాయి దృష్టిలో చెయ్యి కలపడం అంటే, ఇక ముందు ఫిర్యాదు చేయనని అందరి ముందు ఒప్పుకోవడం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. తనను ఏడిపించినవాళ్లను కౌగిలించుకోమని పిల్లవాణ్ణి బలవంతపెట్టడం అందులోకే వస్తుందని నా అభిప్రాయం. వేధింపు అయితే టీచరు ఆ రోజే, ఆ గంటలోనే మధ్యలోకి రావాలి, ఆ ముగ్గురినీ విడివిడిగా పిలవాలి, ఇళ్లకు చెప్పాలి, ఆ అబ్బాయి ఏ దారిన ఇంటికి వెళ్తున్నాడో కూడా కనుక్కోవాలి. రాజీ అనే మాటే అక్కడ ఎత్తకూడదు. ఆ అబ్బాయి మరుసటి జూన్‌లో మా బడికి రాలేదు.

తల్లిదండ్రుల గురించి ఎక్కువ రాయను, వాళ్ల స్థానంలో నేనూ ఉన్నాను గనుక. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పిల్లలు కొట్లాడుకున్న సాయంత్రమే తల్లుల వాట్సాప్ గ్రూపులో ఆ విషయం నాలుగు వరసల్లో వచ్చిందంటే, ఇక ఆ పిల్లలు కలవడం వాళ్ల చేతిలో ఉండదు. "మీ పాప మా పాపను అట్లెట్ల అంటది" అన్నాక, ఆ పాపలు మర్నాడు మధ్యాహ్నం ఒకే డబ్బాలో తింటూ ఇంట్లో చెప్పొద్దని ఒట్లు పెట్టుకోవలసి వస్తుంది. అలా దొంగచాటుగా సాగిన స్నేహాలు నాకు రెండు తెలుసు. 2020లో బడులు మూసినప్పుడు పాఠాల కోసం పిల్లల చేతికి వచ్చిన ఫోన్లు తిరిగి వెళ్లలేదు. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13 అని నియమం ఉన్నా ఆరో తరగతిలో ఖాతాలు లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గ్రూపులోంచి ఒకరిని తీసేయడం ఇప్పటి కటీఫ్. దానికి చిటికెన వేలు లేదు, మధ్యవర్తి పిల్ల లేదు, తీసేసిన సంగతి మాత్రం అందరి ఫోన్లలో అచ్చై ఉంటుంది. పాత కటీఫ్‌కు ఉన్న వంతెనలు దీనికి ఇంకా పిల్లలు కట్టుకోలేదు.

ఇప్పుడు నేను చేసేది పెద్దదేమీ కాదు. ఎవరు మొదలుపెట్టారని అడగడం మానేశాను, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే రెండో కొట్లాట మొదలవుతుంది. ఇద్దరితోనూ విడివిడిగా, నడుస్తూ, నీళ్ల కుళాయి దాకా వెళ్లివచ్చేంత సేపు మాట్లాడతాను. ఏం పోయింది, దాన్ని ఎంతవరకు సరిచేయవచ్చు అన్నవే అడుగుతాను. చూసేవాళ్లను తప్పిస్తాను, తగవుకు ప్రేక్షకులు ఉన్నంతసేపు ఎవరూ వెనక్కి తగ్గరు. గుట్టు బయటపడిన సందర్భమైతే, బయటపెట్టిన పిల్లకు ఒక పని చెబుతాను: ఇక ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆపాల్సింది నువ్వే. సారీ చెప్పమని చెప్పను. కొందరు కొన్నాళ్లకు వాళ్లంతట వాళ్లే చెబుతారట, నాకు తెలిసేది చాలా తర్వాత.

అన్ని జంటలూ మళ్లీ స్నేహితులు కావాలని కూడా ఇప్పుడు కోరుకోను. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరిద్దరి చొప్పున లెక్కవేస్తే 780 జంటలవుతాయి, అన్నింటిలో స్నేహం ఉండాలనుకోవడం అత్యాశ. స్నేహం వద్దనుకునే హక్కు పన్నెండేళ్ల పిల్లకు కూడా ఉంది. సైన్స్ ప్రాజెక్టులో ఒకే గ్రూపులో పడితే పని చేయాలి, ఒకరి సంగతులు ఒకరు బయట మాట్లాడకూడదు, ఆ రెండూ జరిగితే నా మట్టుకు తగవు తీరినట్టే. ఈ మాట పిల్లలతో అన్నప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించే ఊరట చూస్తే, మళ్లీ దోస్తులు కావాలన్న ఒత్తిడే కొందరిని దూరంగా ఉంచుతోందేమోనని కూడా అనిపిస్తుంది.

నా వాదనకు బడిలో ఎదురయ్యే అభ్యంతరం ఒకటే, సమయం. పీరియడ్ నలభై నిమిషాలు, ఎఫ్‌ఏ పరీక్షలు నెత్తిమీద ఉంటాయి, నీళ్ల కుళాయి దాకా నడిచే తీరిక ఎవరికుందని సహోద్యోగులు అడుగుతారు. నాలుగు నిమిషాల రాజీ తర్వాత మూడేళ్ల పాటు ఆ ఇద్దరి సీట్లు, గ్రూపులు, ఆటోలు సర్దడానికి ఎంత సమయం పోయిందో నేను లెక్క చెప్పగలను గానీ, సిలబస్ పుస్తకంలో ఆ లెక్కకు గడి లేదు. ఈ జూన్‌లో, అసెంబ్లీలో పిల్లల చేత చేతులు కలిపించే అలవాటు మానుకుందామని మా ప్రిన్సిపాల్ గారిని అడిగాను. వారు శ్రద్ధగానే విన్నారు, కుర్చీ వెనక్కి జరిపి, "మరి పేరెంట్స్‌కు ఏం చూపిద్దాం మేడమ్?" అన్నారు. సమస్య అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందని నేను అనలేదు. దెబ్బలు, వేధింపు లేని తగవుల్లో పది రోజులు గడువు ఇవ్వండి, ఆ లోపల ఎవరి చేతా ఏమీ చెప్పించొద్దు, తల్లిదండ్రులు ఫోన్ చేస్తే నా నంబరు ఇవ్వండి అన్నాను. పది రోజులు ఎక్కువ, వారం చాలన్నారు. ప్రస్తుతం మా బడిలో వారం నడుస్తోంది.